పాత ట్రాన్స్‌ఫార్మర్లు నిజంగానే గట్టివా?

“పాతవి గట్టివి మేడమ్. ఇప్పుడొచ్చేవి మూడేండ్లకే కాలిపోతాండాయి.” మా రిపేరు షెడ్డులో కాయిళ్ళు చుట్టే పెద్దాయన మాట ఇది. ఆయనొక్కడే కాదు. లైన్‌మన్లు అంటారు, రైతులు అంటారు, రిటైరైన ఇంజనీర్లు మరీ గట్టిగా అంటారు. ఆ మాట నిజం కావచ్చు కూడా. నిజమో కాదో తేల్చాలంటే మా రిజిస్టర్లను ఎలా చదవాలన్నది నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉన్న విషయం. ఇవాళ అదే రాస్తున్నాను.

నేను చూసేది పొలాల్లోని డీటీఆర్‌లు, అంటే డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లు. అనంతపురం వైపు, బోరుబావుల మీద బతికే మండలాలు. 11 వేల వోల్టులను 433 వోల్టులకు దించే 25 కేవీఏ (కేవీఏ అంటే కెపాసిటీ కొలత) పెట్టె ఒకటి కాలిపోతే దాని కింద ఉన్న మోటార్లన్నీ ఆగిపోతాయి. రబీలో, ఫిబ్రవరి మార్చి నెలల్లో, కాయ ఊరే దశలో ఉన్న పంట రెండు తడులు తప్పితే కోలుకోదు. అందుకే సీజను ముందు రోలింగ్ స్టాకులో (కాలినవాటి బదులు పెట్టడానికి సిద్ధంగా ఉంచేవాటిలో) ఎన్ని మంచి ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టుకోవాలి, ఏ వయసువాటిని ముందే దించి బాగుచేయాలి అన్నది నాకు పుస్తకాల ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పాలంటే ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నేళ్ళు నిలుస్తుందో తెలియాలి. చేతిలో ఉన్నవి రెండు రిజిస్టర్లు. ఒకటి ఆఫీసుది: ప్రస్తుతం పొలాల్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా, సీరియల్ నంబరు, నేమ్ ప్లేటు మీది సంవత్సరం. రెండోది షెడ్డుది: కాలిపోయి వచ్చినవాటి చిట్టా. మొదటిది ఆయుష్షును ఎక్కువ చేసి చూపిస్తుంది, రెండోది తక్కువ చేసి చూపిస్తుంది. రెండింటిలోనూ ఒక్క ఎంట్రీ కూడా తప్పు ఉండనక్కర్లేదు.

ముందు ఆఫీసు రిజిస్టరు సంగతి. ఒక లెక్క చేద్దాం. అంకెలు కల్పించినవే, ఎవరైనా చేత్తో సరిచూసుకోవడానికి వీలుగా తీసుకున్నాను. 2000లో ఒకే రకం ట్రాన్స్‌ఫార్మర్లు 100 చార్జ్ చేశారు, అంటే కరెంటిచ్చి వాడకంలో పెట్టారు. సగటు ఆయుష్షు 20 ఏళ్ళు. కొత్తదైనా పాతదైనా ఏటా కాలిపోయే అవకాశం ఒకటే, అంటే ఎక్స్‌పొనెన్షియల్ పంపిణీ. కంప్యూటర్ రిజిస్టరు 2010లో మొదలైంది. అప్పటికి మిగిలి ఉన్నవి 61. వాటినే ఎక్కించారు, నేమ్ ప్లేటు చూసి 2000 అని రాశారు. 2020 వచ్చేసరికి ఆ 61లో 24 కాలిపోయాయి.

ఇప్పుడు ఒక ఇంజనీరు కూర్చుని, 1953లో ఎప్‌స్టైన్, సోబెల్ ఇచ్చిన సూత్రం వాడతాడు: యంత్రాలన్నీ కలిసి నడిచిన మొత్తం కాలాన్ని కాలిపోయినవాటి సంఖ్యతో భాగిస్తే సగటు ఆయుష్షు వస్తుంది. సూత్రం సరైనదే. ఆయన 2000 నుంచి లెక్కేస్తాడు. 2010 దాకా 61 ట్రాన్స్‌ఫార్మర్లు పదేళ్ళ చొప్పున 610 ఏళ్ళు. ఆ తర్వాతి పదేళ్ళలో అవి కలిసి నడిచినవి సుమారు 480 ఏళ్ళు. మొత్తం 1090ని 24తో భాగిస్తే 45 ఏళ్ళ పైచిలుకు. అసలు ఆయుష్షు 20 కదా. రెట్టింపు కంటే ఎక్కువ వచ్చింది!

ఆ 610 ఏళ్ళే కొంప ముంచాయి. ఆ కాలంలో ఏ ట్రాన్స్‌ఫార్మర్ కాలినా అది రిజిస్టరులోకి వచ్చే దారే లేదు. చావు కనబడే వీలు లేని కాలాన్ని బతుకు ఖాతాలో జమ వేశాం. దాన్ని తీసేసి, మనం చూడడం మొదలుపెట్టిన 2010 నుంచే లెక్కిస్తే 480ని 24తో భాగించాలి. సరిగ్గా 20 వస్తుంది. కనబడని 39 గురించి ఏమీ తెలియకపోయినా, ఎప్పటినుంచి చూస్తున్నామో నిజాయితీగా రాసుకుంటే చాలు, జవాబు కుదురుకుంది.

గణితంలో దీన్ని లెఫ్ట్ ట్రంకేషన్ అంటారు. సెన్సారింగ్‌తో దీన్ని కలిపేస్తుంటారు, రెండూ వేరు. 2020 నాటికి ఇంకా నడుస్తున్న 37 ట్రాన్స్‌ఫార్మర్లు సెన్సార్ అయినవి. అవి ఉన్నాయని తెలుసు, ఎప్పుడు పోతాయో తెలియదు, అంతే. ట్రంకేట్ అయిన 39 అసలు ఉండేవనే తెలియదు. అందుకని రిజిస్టరులో ఉన్న ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌నూ షరతుతో చదవాలి: “ఇది పదేళ్ళు దాటింది కాబట్టి మన కంట పడింది. పదేళ్ళు దాటిన దానికి ఇన్నేళ్ళకు పోయే సంభావ్యత ఎంత?” అని. మామూలుగా రాసే సంభావ్యతను, చూపు మొదలైన వయసు దాకా బతికే సంభావ్యతతో భాగిస్తే అయిపోతుంది. ఒక్క భాగహారం. దానికే 45 కాస్తా 20 అయింది.

ఈ ఆలోచన యంత్రాలతో మొదలవలేదు. 1897లో ఫ్రాన్సిస్ గాల్టన్ అమెరికా ట్రాటింగ్ గుర్రాల వేగాలను పరిశీలించాడు. మైలు దూరాన్ని రెండున్నర నిమిషాల్లోపు పరుగెత్తినవే రిజిస్టరుకు ఎక్కేవి. నెమ్మదివి ఎన్ని ఉన్నాయో లెక్కే లేదు. ఉన్న వేగాలను బట్టి లేనివాటితో సహా మొత్తం ఆకారాన్ని ఊహించాలని ఆయన ప్రయత్నం. 1971లో డోనాల్డ్ లిండెన్-బెల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు క్వేజార్లతో, అంటే చాలా దూరాన వెలిగే గెలాక్సీ కేంద్రాలతో, ఇదే చిక్కు వచ్చింది: వెలుగు చాలనివి మన జాబితాలోకే రావు. ఆయన కట్టిన పద్ధతినే ఇవాళ మేము ట్రంకేటెడ్ ఆయుష్షులకు వాడుతున్నాం. క్వేజార్లకూ, కళ్యాణదుర్గం పొలంలోని 25 కేవీఏ పెట్టెకూ ఒకే లెక్క సరిపోవడం నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించే విషయమే.

మన సి.ఆర్. రావుగారి పేరు ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచ గణాంక శాస్త్రానికే పెద్దదిక్కయిన మనిషి. 1934లో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఫిషర్ లేవనెత్తిన ఒక సమస్యను రావుగారు 1965లో అచ్చయిన వ్యాసంలో విస్తరించారు: మనకు సమాచారం చేరే పద్ధతే ఆ సమాచారం ఆకారాన్ని మార్చేస్తుంది, కాబట్టి ఆ పద్ధతిని కూడా సూత్రంలో రాయాలి అని. ఆయన ఎక్కడికి ఉపన్యాసానికి వెళ్ళినా తరగతిలోని మగపిల్లల్ని ఒక ప్రశ్న అడిగేవారు: మీ ఇంట్లో మీతో కలిపి అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్ళెందరు? వాల్తేరులో అడిగారు, తిరుపతిలో అడిగారు, విదేశాల్లోనూ అడిగారు. ప్రతిచోటా అన్నదమ్ముల సంఖ్యే ఎక్కువ వచ్చేది. అబ్బాయే లేని ఇల్లు ఆ లెక్కలోకి వచ్చే అవకాశం లేదు, ఇద్దరు ముగ్గురు అబ్బాయిలున్న ఇంటికి వచ్చే అవకాశం ఎక్కువ. ఆ మగపిల్లల తరగతి ఎలాంటిదో మా ఆఫీసు రిజిస్టరూ అలాంటిదే. అందులో చేరడానికి ఒక అర్హత ఉంది, ఆ అర్హతను మేము ఎక్కడా రాసుకోలేదు.

ఇక షెడ్డు చిట్టా. ఇది తిరగేసిన కథ. ఇందులో కాలినవే ఉంటాయి. 2018లో చార్జ్ చేసినది 2024 నాటి చిట్టాలో కనబడాలంటే ఆరేళ్ళలోపే కాలి ఉండాలి. ఇంకా హాయిగా నడుస్తున్నవాటికి ఈ పుస్తకంలో చోటు లేదు. కొత్త బ్యాచ్ సగటు తీస్తే మూడేళ్ళు వస్తుంది, మరి రాక ఏమవుతుంది? పదేళ్ళు బతికేవి పదేళ్ళు కాకముందే పుస్తకంలోకి ఎలా వస్తాయి? దీన్ని రైట్ ట్రంకేషన్ అంటారు. 1980లలో అమెరికాలో రక్తమార్పిడి ద్వారా హెచ్‌ఐవీ సోకినవారి సమాచారంలో ఇదే జరిగింది. ఎయిడ్స్ బయటపడ్డాకే వెనక్కి వెళ్ళి రక్తం ఎక్కించిన తేదీ చూసేవారు కాబట్టి, వ్యాధి త్వరగా బయటపడినవారే జాబితాలో ఉండేవారు. దాన్ని పట్టించుకోకుండా సగటు తీస్తే, వైరస్ శరీరంలో దాగి ఉండే కాలం అసలుకన్నా బాగా తక్కువగా కనబడుతుంది. అక్కడ మనుషుల ప్రాణాలు, ఇక్కడ కాయిళ్ళు. లెక్క మాత్రం అదే. పైగా రైట్ ట్రంకేషన్ ఇంకా కఠినం. మన పుస్తకం ఆరేళ్ళదైతే, ఆరేళ్ళలోపు పోయినవాటిలో ఎన్ని రెండేళ్ళకు పోయాయో చెప్పగలం గానీ, మొత్తంలో ఎన్ని ఆరేళ్ళలోపు పోతాయో ఆ పుస్తకం ఒక్కటే పెట్టుకుని చెప్పలేం.

పెద్దాయన మాట ఈ రెండు పుస్తకాల మధ్యనుంచే పుట్టింది. పాతవాటిలో బలహీనమైనవి ఎప్పుడో పోయి స్క్రాపులో కలిశాయి, మిగిలిన గట్టివే ఆయన కళ్ళముందు ఉన్నాయి. కొత్తవాటిలో పోయినవే ఆయన చేతికి వస్తాయి, మంచివి పొలంలోనే ఉండిపోతాయి. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న చేతులు అవి. కోర్ ముట్టుకుని, ఇన్సులేషన్ పేపరు నలిపి చూసి, ఓవర్‌లోడా పిడుగా చెప్పేయగలడు. కానీ ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఆయన ముందుకు వస్తుందో నిర్ణయించేది ఆయన కాదు.

అయితే ఆయన చెప్పింది పూర్తిగా భ్రమ అని తోసేయడం కూడా నాకు ఇష్టం లేదు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి యిలి హాంగ్, విలియం మీకర్, జేమ్స్ మెకాలీ 2009లో ప్రచురించిన పని ఒకటి ఉంది. అమెరికాలోని ఒక విద్యుత్ సంస్థకు చెందిన 710 హైవోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్లు, వాటిలో 62 పోయాయి. ఆ సంస్థ రికార్డులు రాయడం 1980లో మొదలుపెట్టింది. 1980కి ముందు పెట్టి, అంతకుముందే పోయినవాటి జాడే లేదు. అచ్చం మా కథే. ఆ పని చదివినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. వాళ్ళు వయసుతో పాటు ప్రమాదం మారడానికి వీలిచ్చే వైబుల్ పంపిణీ తీసుకుని ప్రతి పాత యూనిట్‌కూ ఆ భాగహారం చేశారు, పాత డిజైన్లనూ కొత్త డిజైన్లనూ వేరువేరుగా చూశారు. పూర్వం డిజైనర్లు లెక్కకు మించి ఇనుమూ రాగీ వేసేవారు, తర్వాత ఖర్చు తగ్గించుకుంటూ ఆ వెసులుబాటు తగ్గింది. కాబట్టి తేడా ఉండొచ్చు. ఉండొచ్చన్న తేడాను, రిజిస్టరు కల్పించిన తేడా నుంచి విడదీసి చూడడమే పని.

వైబుల్‌తో ఒక చిన్న లెక్క చూపిస్తాను. పాతబడేకొద్దీ ప్రమాదం పెరిగేలా షేప్ (ప్రమాదం మారే తీరు) 2, స్కేలు (ఆయుష్షు ఎంత పొడవో చెప్పేది) 25 ఏళ్ళు అనుకుందాం. ఇవాళే చార్జ్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్ వచ్చే ఐదేళ్ళలో పోయే అవకాశం సుమారు 4 శాతం. ఇప్పటికే 20 ఏళ్ళు నిలిచింది, అందరూ “ఉక్కుముక్క” అని మెచ్చుకునేది, వచ్చే ఐదేళ్ళలో పోయే అవకాశం సుమారు 30 శాతం. ఇరవై ఏళ్ళు నిలిచిందన్న గౌరవంతో దాన్ని మెయింటెనెన్సు జాబితాలోంచి తీసేస్తే మార్చిలో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడే నేను అందరితోనూ వాదించేది ఒకటుంది. మా పాత బ్యాచ్‌ను పదేళ్ళ వయసు తర్వాతే చూశాం. కొత్త బ్యాచ్‌ను ఆరేళ్ళ వయసు దాకానే చూశాం. ఈ రెండూ ఒకే వయసులో ఒక్కరోజు కూడా మా కళ్ళకింద లేవు. అలాంటప్పుడు ఏది గట్టిదో డేటా చెప్పదు. వైబుల్ గీత గీసి రెండు చివర్లూ కలిపితే కంప్యూటర్ ఒక జవాబు ఇస్తుంది, కానీ అది చెప్పింది మనం ఎంచుకున్న వైబుల్, ట్రాన్స్‌ఫార్మర్లు కాదు. మీటింగులో పై అధికారి “ఏదో ఒక అంకె చెప్పమ్మా” అన్నప్పుడు కూడా నేను ఈ మాటే చెబుతాను. పోల్చగలిగేవి నడి వయసు బ్యాచ్‌లే, ఏ వయసులో రెండింటినీ చూశామో ఆ వయసులోనే పోల్చాలి.

పంపిణీ ఏదీ ఊహించకుండా, ఏ వయసుకు ఎంత శాతం మిగిలాయో చూపే కాప్లాన్-మేయర్ గీత గీద్దామంటే అక్కడా జాగ్రత్త కావాలి. కాలిఫోర్నియాలో పాలో ఆల్టోలో చానింగ్ హౌస్ అనే వృద్ధుల నివాసం ఉంది. 1964 నుంచి 1975 జూలై 1 దాకా అక్కడున్న 97 మంది పురుషులు, 365 మంది స్త్రీల వయసులు ఈ విషయం బోధించేవాళ్ళందరూ వాడే డేటా. ఒక్కొక్కరు ఒక్కో వయసులో చేరారు, కాబట్టి చేరిన వయసు నుంచే వారిని లెక్కలోకి తీసుకోవాలి. పురుషుల్లో చిన్న వయసులో చేరినవారు మరీ తక్కువ. ఆ కొద్దిమందీ చనిపోగానే గీత అక్కడికక్కడే సున్నాకు పడిపోతుంది, ఆ తర్వాత ఎనభై, తొంభై ఏళ్ళు బతికినవారు ఎదురుగా ఉన్నా సరే. విరుగుడు ఏమిటంటే తగినంతమంది ఉన్న వయసు నుంచి మొదలుపెట్టి, “ఈ వయసు దాటినవారిలో” అని చెప్పడం. నేనూ మా గ్రాఫుల మీద “పదేళ్ళు దాటినవాటిలో” అని పెద్ద అక్షరాలతో రాస్తాను.

ఈ పని చేయాలనుకునేవారికి ఒక మాట. గణాంకాలకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాషలోని సర్వైవల్ ప్యాకేజీలో ప్రవేశ వయసు, నిష్క్రమణ వయసు, కాలిందా లేదా అని మూడు కాలమ్‌లు ఇస్తే గీత సరిగ్గా వస్తుంది. కానీ అందులో వైబుల్‌లాంటి పంపిణీలకు వాడే సర్వ్‌రెగ్ ఫంక్షన్ ప్రవేశ వయసును తీసుకోదు. వైబుల్‌కు ఫ్లెక్స్‌సర్వ్ ప్యాకేజీ వాడండి. సిద్ధాంతం లోతుగా కావాలంటే బాలకృష్ణన్, దేబంజన్ మిత్ర ఈఎం పద్ధతిలో (తెలియనివాటిని అంచనా వేస్తూ మళ్ళీ మళ్ళీ సరిదిద్దుకునే లెక్క) చేసిన పనులు వెతకండి.

సిస్టమ్ దగ్గరికి వచ్చేసరికి చిన్న తప్పు పెద్దదవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజి) కాయిళ్ళు మూడు, ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) కాయిళ్ళు మూడు అనుకుందాం. ఏ ఒక్కటి పోయినా మొత్తం దిగిపోవాల్సిందే, అంటే సిరీస్. ఒక్కో కాయిల్ ఐదేళ్ళు నిలిచే అవకాశం 95 శాతమైతే ఆరూ నిలిచే అవకాశం 74 శాతం దరిదాపు. ట్రంకేషన్ మరిచి 97 అనుకుంటే 83 అవుతుంది. సబ్‌స్టేషన్‌లో పక్కపక్కనే రెండు పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నచోట తేడా ఇంకా తీవ్రం. ఒక్కొక్కటి పోయే అవకాశం 5 శాతమైతే రెండూ పోయే అవకాశం 10,000లో 25. మూడు శాతం అనుకుంటే 10,000లో 9. రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయనుకుంటేనే ఈ లెక్క. నిజానికి ఒకటి పోతే దాని లోడంతా రెండోదాని మీద పడుతుంది, కాబట్టి అసలు సంగతి ఇంతకంటే ఘోరం.

మా రిజిస్టర్లలో ఇంకో చిక్కుంది, పుస్తకాల్లో దీని గురించి పెద్దగా రాయరు. కాలిన పెట్టె షెడ్డుకు వస్తుంది, రోలింగ్ స్టాకులోంచి వేరొకటి ఆ దిమ్మె ఎక్కుతుంది. కాలినది కొత్త కాయిళ్ళతో ఇంకో ఊరికి పోతుంది. స్ట్రక్చర్ నంబరు (ఆ దిమ్మె నంబరు) పట్టుకుని చూస్తే ఒక కథ, సీరియల్ నంబరు పట్టుకుని చూస్తే వేరే కథ. కోర్ పాతది, కాయిల్ కొత్తది: దీని వయసు ఎంత? నేను కాయిల్ వయసును మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టి, ఎన్నోసారి రిపేరన్నది వేరే కాలమ్‌లో రాస్తున్నాను. లోడు పెరిగి 25 తీసి 63 కేవీఏ పెట్టినప్పుడు దిగిన పాతది కాలినట్టు కాదు, అది సెన్సార్ అయింది. రాగి కోసం దొంగలు పగలగొట్టినదీ అంతే. మా చిట్టాలో ఇవన్నీ “ఫెయిల్డ్” అనే ఒక్క మాట కింద పడి ఉంటే విడదీయడానికి లైన్‌మన్లందరినీ అడగాల్సి వచ్చింది.

కాబట్టి తోటి ఉద్యోగులకు నా మనవి. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌కు చార్జ్ చేసిన తేదీతో పాటు అది రిజిస్టరులో చేరిన తేదీ కూడా రాయండి. దిగిన తేదీ పక్కనే ఎందుకు దిగిందో రాయండి. ఇంకొకటి: స్టోర్సులో చేత్తో రాసిన పాత లెడ్జర్లు ఉంటాయి, ఏ సంవత్సరం ఏ కెపాసిటీవి ఎన్ని ఇచ్చారో అందులో ఉంటుంది. అవి దొరికితే నా పై లెక్కలోని 39 కనబడతాయి. ఎప్పుడు పోయాయో తెలియకపోయినా, 2000కీ 2010కీ మధ్య పోయాయని తెలుస్తుంది, ట్రంకేషన్ కాస్తా సెన్సారింగ్ అయిపోతుంది. వందలో 61 మిగిలాయన్న ఒక్క ముక్కతోనే సగటు ఆయుష్షు 20 ఏళ్ళని లెక్క తేలుతుంది. వేరే సెక్షన్లకు పంపేసినవాటిని మాత్రం తీసేసి చూడాలి. మీ డివిజన్ బీరువాల్లో అలాంటి లెడ్జర్లుంటే తూకానికి వేయకముందే పేజీలు ఫోటో తీసి పెట్టండి. సంవత్సరం, కెపాసిటీ, ఇచ్చిన సంఖ్య, ఈ మూడూ చదవడానికి వీలుగా పడితే చాలు, మిగతా లెక్క నేను చేసిపెడతాను.